ఏరియలునకు ఎర్తు : తెనాలి, బాపట్ల, రేపల్లె నేలలకు తగిన గొట్టములు, కడ్డీలు

మన పల్లెలలో ఇండ్లమీద డిష్షులును, సంఘపు కార్యాలయములమీద ఇంటర్నెట్టు యాంటెన్నాల స్తంభములును, పొలములయందు వాతావరణ పరికరముల స్తంభములును నానాటికి పెరుగుచున్నవి. వీనిని నిలుపువారు దిక్కు సరిచూతురు; గాలికి ఒరగకుండ నాలుగువైపుల తీగలు బిగింతురు. కాని స్తంభమును భూమితో కలుపు పనిని, అనగా ఎర్తును, చాలమంది లెక్కచేయరు. మూరెడు ఇనుపమేకు గోడప్రక్కన దిగగొట్టి, దానికొక సన్నని తీగ చుట్టి, పని ముగిసినదని తలంతురు. ఏమని యడిగిన, “ఎర్తు లేకున్నను బొమ్మ చక్కగా వచ్చుచున్నది గదా” యని చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని ఎర్తు బొమ్మకొరకు కాదు, ప్రాణముకొరకు. ఏ నేలలో ఏ ఎర్తు, ఎంత పొడవు, ఏ లోహము తగునో ఈ పాఠమున చెప్పుచున్నాము.

ఎర్తు చేయు పని

పూర్వము రేడియోకు ఎర్తు వినికిడికొరకే కావలసియుండెను. 1895వ సంవత్సరమున మార్కొనీగారు తమ యంత్రపు తీగనొకదానిని ఎత్తున కట్టి, రెండవదానిని భూమిలో కలిపినప్పుడే వార్త దూరము పోగలిగెను. 1938 జూను 16వ తేదీని మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీని విజయవాడ కేంద్రమును ప్రసారములు మొదలిడిన కాలమున రేడియోగల ఇండ్లలో పొడవైన ఏరియలు తీగయు, నేలలో ఎర్తు గొట్టమును ఉండెడివి. ఇప్పటి పరికరములకు వినికిడికై ఎర్తు అక్కరలేదు. గావున జనులు దానిని మరచిరి. పిడుగు మాత్రము మరువలేదు.

1753వ సంవత్సరమున సెంట్‌పీటర్సుబర్గు నగరమందు రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఇంటిపైనుండి ఇనుపకడ్డీ నొకదానిని గదిలోనికి దింపి మేఘములలోని విద్యుత్తును పరీక్షించుచుండెను. ఆ కడ్డీని భూమితో కలుపలేదు. ఉరుముల వేళ ఆయన దాని దగ్గరకు పోగా, విద్యుత్తు భూమికి త్రోవలేక ఆయన శరీరముగుండ పోయెను, ఆయన మరణించెను. ఎర్తులేని స్తంభము, దానినుండి ఇంటిలోని టి.వి.వరకు వచ్చిన కేబులు, ఆ కడ్డీవంటివే. పిడుగుకు మనము త్రోవ చూపనిచో అది తన త్రోవను తానే వెదకుకొనును.

ఇందులో రైతు గమనింపవలసిన విషయమొకటి కలదు. మన ప్రాంతమున ఉరుములతో కూడిన గాలివానలు వేసవి చివర, తొలకరికి ముందు, తరచుగా వచ్చును. అప్పటికి కాలువలు కట్టివేసియుందురు. నేల నెఱ్ఱెలు విచ్చియుండును. అనగా ఎర్తునకు అధికమైన పనిబడు కాలముననే నేల మిక్కిలి ఎండియుండును. కార్తెలో వరి నిలిచియున్నప్పుడు కొలిచి మంచిదన్న ఎర్తు, వైశాఖమున పనికిరాకపోవచ్చును. ఈ పాఠమునకు మూలము ఇదియే: ఎర్తును తడికాలమునకుగాక ఎండకాలమునకు అమర్చవలెను.

పొడవా, లావా?

ఎర్తు ఎంత మంచిదో ఓములలో కొలుతురు. ఓములు తగ్గినకొలది ఎర్తు మంచిది. పిడుగు రక్షణకు సాధ్యమైనంతవరకు 10 ఓములకు లోబడి యుండవలెనని అంతర్జాతీయ ప్రమాణములు సలహా యిచ్చుచున్నవి.

మన దేశమున ఎర్తింగుకు ఐ.ఎస్. 3043 అను ప్రమాణము కలదు. దానినిబట్టి జి.ఐ. గొట్టము లోపలి వ్యాసము 38 మి.మీ.లకు తగ్గరాదు, ఇనుపకడ్డీ 16 మి.మీ.లకును, రాగికడ్డీ 12.5 మి.మీ.లకును తగ్గరాదు; పొడవు రెండున్నర మీటర్లకు తగ్గరాదు; పలక యైనచో 60 సెం.మీ. చదరమునకు తగ్గరాదు. ఇవి కనీసపు కొలతలు. ఏ నేలకైనను ఇవియే చాలునని తలంపరాదు.

నేలకుగూడ విద్యుత్తును అడ్డగించు గుణము కలదు. దానిని ఓము-మీటర్లలో చెప్పుదురు. 40 మి.మీ. లావుగల రెండున్నర మీటర్ల గొట్టమును నిలువుగా పాతినచో, నేల సంఖ్యను మూడుచేత భాగించిన ఎర్తు ఓములు సుమారుగా తెలియును. మాదిరికి:

చౌడుమట్టి 3 ఓము-మీటర్లైన, ఎర్తు 1 ఓము.
తడి నల్లమట్టి 20 అయిన, ఎర్తు సుమారు 7 ఓములు.
మంచినీటితో తడిసిన ఇసుక 100 అయిన, ఎర్తు సుమారు 33 ఓములు.
ఎండిన ఇసుక 1,000 అయిన, ఎర్తు సుమారు 330 ఓములు.

ఈ నేల సంఖ్యలు లెక్క నేర్చుకొనుటకే. మీ దొడ్డిలోని నేలను కొలిచియే తెలిసికొనవలెను. అయినను ఒకే గొట్టము ఒకచోట 1 ఓమును, మరియొకచోట 330 ఓములును ఇచ్చుననుట వీనివలన స్పష్టము.

ఇక లావు, పొడవుల సంగతి. అదే గొట్టమును రెండింతలు లావు చేసినచో ఓములు నూటికి 13 వంతులు మాత్రమే తగ్గును. రెండింతలు పొడవు చేసినచో నూటికి 43 వంతులు తగ్గును. గావున డబ్బును లావుమీదగాక పొడవుమీద ఖర్చుపెట్టవలెను. 60 సెం.మీ. పలక నేల సంఖ్యలో సుమారు సగము ఓములనిచ్చును. గొట్టము మూడవవంతే యిచ్చును. పలకకు పెద్దగొయ్యి త్రవ్వవలెను, పూడ్చిన మట్టి ఏండ్లకుగాని కుదురుకొనదు. మన నేలలకు గొట్టమో కడ్డీయో మేలు.

ఒక గొట్టము చాలనప్పుడు రెండవదానిని పాతవచ్చును. కాని రెంటికి నడుమ, గొట్టపు పొడవునకు రెండింతల ఎడముండవలెను. నారు ఒత్తుగా నాటిన మొక్కకు మొక్క బలము తీసినట్లు, దగ్గరగా పాతిన గొట్టములు ఒకే మట్టిని పంచుకొనును. రెండవదానికి పెట్టిన డబ్బు దండుగ యగును.

తెనాలి నల్లమట్టి

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలక్రింది తెనాలి ప్రాంతపు నల్లమట్టి తడిగా నున్నంతకాలము ఎర్తునకు మంచి నేల. కాని ఈ మట్టి తడికి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. వేసవిలో పై మట్టి నెఱ్ఱెలు విచ్చి గొట్టమునుండి విడిపోవును. గొట్టము నేలలో నుండియు నేలను తాకకయుండును.

ఇందుకు ఉపాయము: పై మీటరు మట్టిని లెక్కలోనికి తీసికొనకుండుట. రెండున్నర మీటర్ల గొట్టములో ఒక మీటరు తీసివేసిన మీటరున్నర మాత్రమే పనిచేయును. కార్తెలో 7 ఓములుగా నున్న ఎర్తు వేసవిలో 10 ఓములకు చేరును. పై మట్టి ఇంకను లోతుగా ఎండిన అంతకును మించును. నాలుగు మీటర్ల గొట్టము పాతినచో మూడు మీటర్లు తడిమట్టిలో నిలిచి, మండువేసవిలోను సుమారు 6 ఓములు వచ్చును. గావున తెనాలి నేలకు మా సలహా: 40 మి.మీ. జి.ఐ. గొట్టము, నాలుగు మీటర్లు, గోడకు మీటరున్నర దూరమున. చుట్టు చిన్న ఇటుకతొట్టి కట్టి మూత వేసి, వేసవిలో వారమునకొకసారి రెండు బిందెల నీరు పోయవలెను. అయితే నీరు పోయుటనే నమ్ముకొని పొడవు తగ్గింపరాదు. నీరు పోయువారు ఊరికి పోయిన వారముననే పిడుగు పడవచ్చును.

బాపట్ల ఇసుక

బాపట్లకు సముద్రపువైపున ఇసుకనేలలు కలవు. ఇచ్చట పై ఇసుక యెండియుండును. విద్యుత్తును మిక్కిలి అడ్డగించును. కాని ఆ ఇసుకక్రింద మంచినీటి పొర, ఉప్పునీటిపైన తేలియుండును. మన పెద్దలు దీనిని గుర్తించియే దొరువులు త్రవ్వి కడవలతో నీరు తోడి పైరులు పెంచిరి. పిమ్మట బాపట్ల పరిశోధకులు భూమిలో అడ్డముగా చిల్లుల గొట్టములు పరచి నడిమి బావిలోనికి ఆ పై నీటిని చేర్చు మెరుగైన దొరువు పద్ధతిని ప్రచారము చేసిరి. దొరువు రైతునకు తెలిసిన ఆ నీటిమట్టమే ఎర్తునకును కొలబద్ద.

మీ దొరువులో వేసవిన నీరు మూడు మీటర్ల లోతున నుండుననుకొందము. రెండున్నర మీటర్ల గొట్టము ఆ నీటిని ముట్టనే ముట్టదు. పై లెక్కచొప్పున అది 330 ఓముల ఎర్తు, అనగా ఎర్తు లేనట్లే. ఆరు మీటర్ల గొట్టము దింపినచో క్రింది మూడు మీటర్లు తడి ఇసుకలో నిలిచి సుమారు 29 ఓములు వచ్చును. అట్టివి పన్నెండేసి మీటర్ల ఎడమున మూడు పాతి, నేలలోనే పట్టీతో కలిపిన, మొత్తము సుమారు 10 ఓములకు దిగును. ఆరు మీటర్ల లోతనిన భయపడనక్కరలేదు. ఫిల్టరు పాయింటు దింపు పనివారు ఇసుకలో ఈ లోతును సులువుగా చేరగలరు. ఫిల్టరు పాయింటు వేయించు దినముననే ఎర్తు గొట్టముగూడ దింపించిన కూలి కలిసివచ్చును.

బోరు గొట్టమునకే తీగ కట్టిన చాలదా యని కొందరడుగుదురు. ఇప్పటి బోరులు చాలవరకు ప్లాస్టికు గొట్టములు; వానికి తీగ కట్టుట వ్యర్థము. ఇనుప బోరైనను, నీరు తోడువాని చేయి దానిమీదనే యుండును గావున దాని నొక్కదానినే నమ్ముకొనరాదు.

క్రొత్త యిల్లు కట్టువారికి మరియొక త్రోవ కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలోని అరిజోనా ఎడారియందు మందుగుండు గిడ్డంగులకు పిడుగు రక్షణ కావలసివచ్చెను. అచ్చటి నేల మిక్కిలి పొడినేల. హెర్బర్ట్ ఊఫర్ అను ఇంజనీరు పునాది కాంక్రీటులోని ఇనుపచువ్వలనే ఎర్తుగా వాడిచూపెను. కాంక్రీటు నేలలోని చెమ్మను పీల్చి నిలుపుకొనును. పునాదిలో 13 మి.మీ. చువ్వ కనీసము ఆరు మీటర్ల పొడవున, చుట్టు ఐదు సెం.మీ. కాంక్రీటు ఉండునట్లు వేసి, దానినుండి ఒక కొసను వెలికి తీసియుంచవలెను. పునాది పోసిన పిదప ఈ పని సాధ్యము కాదు.

రేపల్లె చౌడు

రేపల్లెనుండి నిజాంపట్టణమువైపు పోయినకొలది ఉప్పుచౌడు నేలలును, రొయ్యల చెరువులును కనబడును. పైరునకు పనికిరాని ఉప్పు ఎర్తునకు మిక్కిలి అనుకూలము. రెండున్నర మీటర్ల గొట్టము ఒక్కటే ఒకటి రెండు ఓములనిచ్చును. నీరు పైకే యున్నచోట నిలువుగా పాతుటకు బదులు, ఐదేసి మీటర్ల పట్టీలు రెండింటిని అరమీటరు లోతున అడ్డముగా పరచినను చాలును.

అయితే ఇచ్చట చిక్కు ఓములది కాదు, తుప్పుది. ఉప్పుమట్టి జి.ఐ. గొట్టపు జింకుపూతను త్వరలో తినివేయును. ఆపైన ఇనుమును తినును. మీద చూచిన క్లాంపు చక్కగానే యుండును, క్రింద గొట్టముండదు. గావున రేపల్లె చౌడులో పొడవునకుగాక లోహమునకు డబ్బు పెట్టవలెను: గట్టి రాగికడ్డీయో, 250 మైక్రానులకు తగ్గని రాగిపూతగల ఉక్కుకడ్డీయో వాడవలెను. పైపైన రాగిరంగు మాత్రమే కలిగిన పలుచని పూతకడ్డీలును అంగడిలో దొరకును; కొనునప్పుడు పూత మందమును బిల్లుపై వ్రాయించుకొనుట మంచిది.

ఇంకొక హెచ్చరిక. తడిమట్టిలో రాగికడ్డీని, జి.ఐ. గొట్టమును పాతి వానిని తీగతో కలిపినచో, ఆ రెండును కలిసి బ్యాటరీవలె పనిచేయును. ఆ బ్యాటరీలో అరిగిపోవునది జి.ఐ. గొట్టము. ఉప్పు ఎక్కువైనకొలది అరుగుదల వేగమగును. చౌడునేలలో ఇంటి కరెంటు ఎర్తును, ఏరియలు ఎర్తును ఒకే లోహముతో చేయించుట శ్రేయస్కరము.

రెండు ఎర్తులను కలుపవలెను

“ఏరియలు ఎర్తు వేరు, కరెంటు ఎర్తు వేరు, కలిపిన పిడుగు కరెంటులోనికి పోవును” అను మాట పల్లెలలో వినుచున్నాము. ఇది ప్రమాదకరమైన పొరపాటు. లెక్క చూడుడు. సామాన్యమైన పిడుగులో 30,000 ఆంపియర్లు ప్రవహించును. మీ ఏరియలు ఎర్తు 10 ఓములదైనచో, ఆ క్షణమున స్తంభము 30,000 × 10, అనగా మూడు లక్షల వోల్టులకు లేచును. కరెంటు ఎర్తు వేరుగానున్న అది సున్న దగ్గరనే యుండును. ఈ రెంటి నడుమ నున్నది మీ టి.వి.; దానిని ముట్టుకొన్న పిల్లవాడు. మూడు లక్షల వోల్టులు అచ్చటనే దూకును.

రెండు ఎర్తులను గట్టి తీగతో కలిపినచో రెండును ఒకేసారి లేచి, ఒకేసారి దిగును. నడుమ దూకుటకు కారణముండదు. వరదలో రెండు పడవలను కలిపి కట్టినట్లు. కేబులు పైతొడుగునుగూడ ఇంటిలోనికి వచ్చుచోటనే ఈ ఎర్తుతో కలిపి, అచ్చట సర్జి అరెస్టరు నొకదానిని అమర్చవలెను.

తీగ, బిగింపు

స్తంభమునుండి ఎర్తునకు దిగు తీగ రాగిదైన 16 చదరపు మి.మీ.లకు తగ్గరాదు, ఒంటితీగ యైన సుమారు నాలుగున్నర మి.మీ. లావుండును. ఇనుమైన 50 చదరపు మి.మీ.లకు తగ్గరాదు, 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందముగల జి.ఐ. పట్టీ చాలును. తీగ తిన్నగా, పొట్టిగా, ఇంటికి వెలుపలనే దిగవలెను. పిడుగు ప్రవాహము రెప్పపాటుకన్న త్వరగా లేచును గావున, తీగ పొడవు ప్రతి మీటరునకు వేలకొలది వోల్టులు నిలుచును. మిగిలిన తీగను చుట్టలు చుట్టి వ్రేలాడదీయువారిని చూచుచున్నాము. అది వాగుకు కట్ట వేసినట్లే. మిగిలినదానిని కత్తిరించి పారవేయుడు.

చేతితో చుట్టిన ముడి పనికిరాదు. బోల్టుతో బిగించిన క్లాంపు ఉండవలెను. రాగి తీగను జి.ఐ. గొట్టమునకు తిన్నగా బిగింపక, నడుమ తగరపుపూత గల క్లాంపు వాడి, పైన గ్రీసు పూయవలెను.

ఉప్పు, బొగ్గు

ఎర్తు గోతిలో ఉప్పు, బొగ్గు పోయుట పాత అలవాటు. తెనాలి మట్టిలో అది కొంతకాలము ఓములను తగ్గించును, కాని గొట్టమును తినును. బాపట్ల ఇసుకలో మొదటి వానకే ఉప్పు కొట్టుకొనిపోవును. పైగా దొరువులోని మంచినీటిలో కలియును. రేపల్లె చౌడులో ఉప్పు పోయుట సముద్రములో ఉప్పు చల్లుటయే. మట్టిని బాగుచేయవలసినచోట బెంటొనైటు బంకమన్ను మేలు. అది నీటిని పట్టి నిలుపును, లోహమును తినదు.

కొలుచుట

ఎర్తును ఎర్తు టెస్టరుతోనే కొలువవలెను. ఇంటి యెర్తునుండి విడదీసిన గొట్టమునుండి 25 మీటర్ల దూరమున ఒక మేకును, అదే వరుసలో పదిహేనున్నర మీటర్ల దూరమున మరియొక మేకును దిగగొట్టి, తీగలు తగిలించిన టెస్టరు ఓములను చూపును. నడిమి మేకును మీటరు ఇటు, మీటరు అటు జరిపి చూచినను అంకె మారకున్న కొలత సరియైనదే. కొలిచిన వెంటనే గొట్టమును మరల కలుపవలెను. కరెంటు ఫేజునుండి ఎర్తునకు బల్బు తగిలించి వెలిగినదా లేదా యని చూచుట ప్రాణాపాయము. దానివలన ఓములును తెలియవు.

కొలువవలసిన కాలము మే నెల, కాలువలు కట్టియున్నప్పుడు. రేపల్లె ప్రాంతమువారు ఏటేట క్లాంపు దగ్గర అడుగు లోతు త్రవ్వి తుప్పునుగూడ చూచుకొనవలెను.

సంఘము చేయదగినది

ఎర్తు టెస్టరు ఒక్కొక్క రైతు కొనదగిన వస్తువు కాదు, సంఘము కొనదగినది. ఒక్క టెస్టరుతో మే నెలలో ఊరి స్తంభములన్నింటిని కొలువవచ్చును. ఇంటివారీగా గొట్టపు పొడవు, లోహము, తేదీ, ఓములు పుస్తకమున వ్రాసియుంచిన, ఏ ఎర్తు ఏటేట క్షీణించుచున్నదో తెలియును. గొట్టములు, కడ్డీలు కలిసి కొన్న సరకును పరీక్షించి తెచ్చుకొనవచ్చును.

తుదిమాట

ఎంత మంచి ఎర్తైనను పిడుగును ఆపదు. దానికి త్రోవ చూపును, అంతే. గాలివాన రాకముందే టి.వి. కేబులును, కరెంటు ప్లగ్గును ఊడదీయవలెను. పిడుగు పడుచుండగా కేబులును ముట్టరాదు. ఉరుమునకు ముందే తీయవలెను. స్తంభము దగ్గరను, తాటిచెట్టు క్రిందను నిలువరాదు. స్తంభము పడిపోయినను కరెంటు తీగలు తగులనంత దూరమున దానిని నాటవలెను.

చదువరులు ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొందురుగాక: తెనాలిలో ఎండు మట్టిని దాటునంత పొడవు, బాపట్లలో దొరువు నీటిని ముట్టునంత లోతు, రేపల్లెలో ఉప్పునకు ఓర్చునంత లోహము. ఈ వేసవిలో కాలువలు కట్టిన వారముననే ప్రతి సభ్యుడును తన స్తంభపు మొదట త్రవ్వి, క్రింద గొట్టమున్నదో, మేకున్నదో, ఏమియు లేదో చూచుకొనవలెనని కోరుచున్నాము.